ఒకే రాయి, ఐదు నేలలు

దిల్‌సుఖ్‌నగర్‌లో అపార్ట్‌మెంటు సెల్లార్ కోసం ఎక్కడ తవ్వినా దాదాపు ఒకటే వరస కనిపిస్తుంది. పైన జానెడు ఎర్రమట్టి. దాని కింద జిగట కాస్త ఎక్కువున్న ముదురెరుపు పొర. ఆ తర్వాత గడ్డపారకు గరగరలాడే మొరం. ఇంకా లోతుకు పోతే బండ. ఆ బండ గ్రానైటు, వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. పైనున్న మట్టంతా దాని నుంచి పుట్టిందే.

అక్కడి నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని కొత్తపేట, ఎల్బీనగర్, వనస్థలిపురం మీదుగా హయత్‌నగర్ వెళ్తే దూరం పన్నెండు కిలోమీటర్లకు అటూ ఇటూ. దారి పొడుగునా అడుగున ఉన్నది ఆ జాతి రాయే. కురిసే వానా ఒకటే, ఏడాదికి 750 నుంచి 800 మిల్లీమీటర్లు. కాసే ఎండా ఒకటే. ముడిసరుకూ వాతావరణమూ కలిసినప్పుడు మట్టి కూడా ఒకేలా ఉండాలి. కానీ ఈ కాస్త దూరంలోనే ఐదు రకాల నేలలు తగులుతాయి: నాగలి దున్నిన చెల్క, జింకలు మేసే అడవి, చెరువు కింది పొలం, మూసీ నీళ్లు తాగిన గడ్డి భూమి, సిమెంటు కింద చిక్కుకున్న మట్టి. తేడా అంతా వాడకంలో ఉంది.

చెల్క లెక్క

తెలంగాణ రైతు ఈ ఎర్రనేలను చెల్క అంటాడు. ఇసుక పాలు ఎక్కువ, బంకమన్ను తక్కువ. వాన పడగానే పదునెక్కుతుంది, నాలుగు రోజులు కాస్తే ఆరిపోతుంది. పెద్దవాన కొట్టి వెంటనే ఎండ కాసిందా, పైన పెచ్చు కడుతుంది. ఆ పెచ్చును చీల్చుకుని రాలేక జొన్న మొలక లోపలే వంకర తిరుగుతుంది.

ఇసుక రేణువుకు పోషకాలను పట్టి ఉంచే శక్తి లేదు. ఆ పని చేసేవి రెండే: బంకమన్ను, కుళ్లిన జీవపదార్థం. బంకమన్ను నేలకు పుట్టుకతో వచ్చింది, పంటకూ పంటకూ మారదు. మారేది జీవపదార్థం. నేల సారం ఇంటి పద్దు లాంటిది: ఎంత వచ్చింది, ఎంత పోయింది, చేతిలో ఎంత మిగిలింది. రాలిన ఆకు, మొదళ్లు, వేళ్లు, పెంట జమ. కోసుకెళ్లిన గింజ, చొప్ప, వానకు కొట్టుకుపోయిన పైమట్టి, సూక్ష్మజీవులు తినేసిన కర్బనం ఖర్చు. భూమిని దేనికి వాడుతున్నామన్నదే ఈ రెండు పక్కల అంకెలనూ నిర్ణయిస్తుంది.

భూసార పరీక్షా కేంద్రంలో ఈ నిల్వను తేల్చే పద్ధతి 1934 నాటిది. వాక్లీ, బ్లాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. జల్లెడ పట్టిన మట్టిని గ్రాము తూకం వేసి గాజు కుప్పెలో పోస్తారు. అందులో నారింజ రంగు పొటాషియం డైక్రోమేటు ద్రావణం పది మిల్లీలీటర్లు, ఆపైన గాఢ గంధకామ్లం ఇరవై. కుప్పె చేతికి కాలుతుంది; అరగంట కదపకుండా పెడతారు. ఈలోగా డైక్రోమేటు మట్టిలోని కర్బనాన్ని దహిస్తూ తానూ ఖర్చయిపోతుంది. తర్వాత నీళ్లు కలిపి, సూచిక చుక్కలు వేసి, బ్యూరెట్టు నుంచి ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేటు వదులుతారు. ఊదా, నీలం కలిసిన రంగు చివరి చుక్కకు ఉన్నట్టుండి ఆకుపచ్చగా మారుతుంది. కర్బనం ఎక్కువున్న మట్టికి తక్కువ ద్రావణంతోనే రంగు మారుతుంది. చెల్క మట్టికి మాత్రం బ్యూరెట్టు చాలా కిందికి దిగాలి.

సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపుంటే భూసార పత్రంలో ‘తక్కువ’ అని వస్తుంది. 0.5 నుంచి 0.75 వరకు మధ్యస్థం, ఆపైన ఎక్కువ. వర్షాధారంగా సాగయ్యే చెల్కలు చాలావరకు మొదటి గడిలోనే ఉంటాయి.

ఎకరంలో పై అరడుగు మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. అందులో అర శాతమంటే నాలుగున్నర టన్నుల కర్బనం. దాన్ని 0.6 శాతానికి తేవాలంటే ఇంకో 900 కిలోల కర్బనం నిలవాలి. నిలవడమే కష్టం. వేసిన ఆకులో, పెంటలో ఎక్కువ భాగాన్ని సూక్ష్మజీవులు తిని బొగ్గుపులుసు వాయువుగా వదిలేస్తాయి. ఏడాది తిరిగేసరికి మట్టిలో మిగిలేది కొద్ది పాలే. హైదరాబాదు ఎండకు, తడికి ఆ తిండి మరింత జోరుగా సాగుతుంది. చల్లని దేశాల నేలల్లో దశాబ్దాలు నిలిచే కర్బనం ఇక్కడ అంతకాలం నిలవదు. అందుకే ఒకసారి భారీగా పెంట తోలి పదేళ్లు మరిచిపోవడం కన్నా, ఏటా కొంచెం వేయడం చెల్కకు మేలు.

హయత్‌నగర్ పొలంలో

ఈ లెక్కలను ఏళ్ల తరబడి పొలంలోనే తేల్చిన చోటు ఈ దారి చివరనే ఉంది. మెట్ట వ్యవసాయంపై అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం 1970లో హైదరాబాదు కేంద్రంగా మొదలైంది. దాని నుంచే 1985లో కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అంటే క్రిడా, ఏర్పడింది. కార్యాలయం దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గర్లోని సంతోష్‌నగర్‌లో. పరిశోధన క్షేత్రం హయత్‌నగర్‌లో, సుమారు 280 హెక్టార్లు. నేల అచ్చమైన చెల్క.

1995లో కె.ఎల్. శర్మ, ఆయన సహచరులు ఈ క్షేత్రంలో ఒక దీర్ఘకాలిక ప్రయోగం మొదలుపెట్టారు. పంటలు మెట్ట రైతు వేసేవే: ఒక ఏడు జొన్న, మరుసటి ఏడు ఆముదం. మామూలు దుక్కి కొన్ని మళ్లలో, వీలైనంత తక్కువ దుక్కి మరికొన్నింటిలో. కొన్నింటిలో జొన్న చొప్ప పరిచారు, కొన్నింటిలో గ్లైరిసీడియా కొమ్మలు నరికి వేశారు, కొన్నింటిలో ఏమీ వేయలేదు. వీటన్నిటికీ నత్రజని హెక్టారుకు సున్నా నుంచి 90 కిలోల దాకా నాలుగు మోతాదుల్లో ఇచ్చారు.

దున్నడం తగ్గిస్తే నేల బాగుపడుతుందని ప్రపంచమంతా చెబుతున్న రోజులవి. అమెరికాలో, బ్రెజిల్‌లో లక్షల హెక్టార్లు దుక్కి లేకుండా సాగవుతున్నాయి. హయత్‌నగర్ చెల్క ఆ మాటకు వెంటనే తల ఊపలేదు. తక్కువ దుక్కి మళ్ల కన్నా మామూలు దుక్కి మళ్లలోనే దిగుబడి బాగా వచ్చింది. కారణం చెల్క స్వభావంలోనే ఉంది. ఆరితే గట్టిపడే నేల ఇది. దున్నకపోతే పెచ్చు పగలదు, వాన లోపలికి ఇంకదు, కలుపు పెరుగుతుంది. బ్రెజిల్ రైతుకు నేలంతా కప్పేంత గడ్డీగాదం మిగులుతుంది. ఇక్కడ చొప్ప పశువుల పాలు, ఆముదం కంప పొయ్యి పాలు.

నేల నాణ్యత సూచీలో అన్నిటికన్నా ముందు నిలిచింది మామూలు దుక్కి, గ్లైరిసీడియా ఆకు, 90 కిలోల నత్రజని మూడూ కలిసిన మడి. ఈ మూడో అంశం సేంద్రియమా, రసాయనమా అని తగువుపడేవారికి నచ్చకపోవచ్చు. ఎరువు వేస్తే పంట పెరుగుతుంది. పంట పెరిగితే వేళ్లూ మొదళ్లూ పెరిగి నేలకు జమ అవుతాయి. ఆకు వేస్తే ఆ ఎరువు నిలవడానికి చోటు దొరుకుతుంది.

గ్లైరిసీడియా మధ్య అమెరికా నుంచి వచ్చిన చెట్టు. వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. వంద కిలోల ఎండుటాకులో రెండున్నర నుంచి మూడు కిలోల దాకా నత్రజని ఉంటుంది. పొలం గట్టు మీద పెంచితే పంట భూమి పోదు, పశువులు సాధారణంగా ముట్టవు. గట్టు మీదే ఎరువు పండించుకోవచ్చని క్రిడా రైతులకు ఏళ్లుగా చెబుతోంది. రైతు పక్క నుంచి చూస్తే ఒక్కటే అడ్డు: కొమ్మలు నరికి మోసే కూలి.

నగరానికి రెండో కొసన, పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో, 1976 నుంచి నల్లరేగడిలో ఇలాంటి పోలికే నడుస్తోంది. ఒక వైపు పాత పద్ధతి: వానాకాలం భూమిని ఖాళీగా వదిలి, శీతాకాలం పైరు వేయడం. రెండో వైపు ఎత్తు మడులు, కాలువలు, వానాకాలంలోనే పైరు, నడుమ కంది వంటి పప్పుజాతి, మితంగా ఎరువులు. మూడు దశాబ్దాల సగటున మొదటి దాంట్లో హెక్టారుకు ఏడాదికి టన్ను చుట్టూ గింజ వస్తే, రెండో దాంట్లో ఐదు టన్నుల చుట్టూ వచ్చింది. పైగా ఏటా హెక్టారుకు 330 కిలోలకు పైగా కర్బనం అదనంగా నేలలో చేరింది. పంట తీసుకున్న కొద్దీ నేల ఖాళీ అవుతుందన్నది అన్నివేళలా నిజం కాదని ఈ పొలం చెబుతుంది.

జింకలు మేసే చోట

వనస్థలిపురం దగ్గర, జాతీయ రహదారిని ఆనుకుని మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు నిజాం వేటస్థలం. వర్ధమాన మహావీరుడి 2,500వ నిర్వాణ సందర్భంగా 1975లో ఆయన పేరు పెట్టి కృష్ణజింకల కోసం కేటాయించారు. 1994లో జాతీయ ఉద్యానవనమైంది. విస్తీర్ణం సుమారు 3,600 ఎకరాలు.

ఇక్కడ నేలకు నాగలి తగలదు. సీతాఫలం, ముళ్ల పొదలు, గడ్డి మొలిచిన చోటే ఎండి, రాలి, కుళ్లుతాయి. జింక మేసిన గడ్డి పెంటికలై తిరిగి అక్కడే పడుతుంది. అడవి పద్దులో బయటికి పోయేది బహు తక్కువ. ఎండుటాకుల పొరను తీసి చూస్తే కింద చెదలు కట్టిన సన్నని మట్టి గొట్టాలు కనిపిస్తాయి. పొడి అడవుల్లో ఆకును నేలలోకి దించే పనిలో పెద్ద వాటా చెదలదే. అవి వదిలిన సొరంగాల గుండా వాన లోపలికి ఇంకుతుంది.

సాగు ఆపేస్తే ఏమవుతుందో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ చాలాకాలం కిందటే చూపించింది. 1843 నుంచి గోధుమ పండిస్తున్న బ్రాడ్‌బాక్ పొలంలో ఒక చిన్న ముక్కను 1882లో కోత కోయకుండా కంచె వేసి వదిలేశారు. నాలుగేళ్లలో గోధుమ దాదాపు కనుమరుగైంది. తర్వాత అది అడవయింది. వందేళ్లలో పైమట్టి కర్బనం రెండింతలు దాటింది. హైదరాబాదు వేడిలో అంత పెరుగుదల ఆశించలేం గానీ, దిశ మాత్రం అదే.

అడవి మట్టినీ పొలం మట్టినీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేటప్పుడు శాస్త్రవేత్తలు ఒక జాగ్రత్త పాటిస్తారు. మనుషులు మంచి నేలను ముందు దున్నారు. రాళ్లూ గుట్టలూ ఉన్నదాన్ని అడవికీ వేటకూ వదిలారు. కాబట్టి ఒకే వాలు, ఒకే లోతు, ఒకే రకం మట్టి ఉన్న చోట్లనే పోల్చాలి. నేలను చూసి వాడకం ఎంచుకున్నారు. తర్వాత ఆ వాడకమే నేలను మార్చింది. ఈ రెండింటినీ విడదీయకపోతే లెక్క తప్పుతుంది.

చెరువు కింద

వాలు పైన చెల్క, వాలు అడుగున చెరువు, దాని కింద వరి పొలం. తెలంగాణ ఊరి పాత అమరిక ఇది. సరూర్‌నగర్ చెరువు 1626లో కుతుబ్‌షాహీల కాలంలో తవ్వించింది, వంద ఎకరాలకు దగ్గరగా ఉంటుంది. దాని నీళ్లు ఒకప్పుడు సాగుకు పారాయి.

నీళ్లు నిలిచిన మడిలో గాలి దొరకక సూక్ష్మజీవుల తిండి మందగిస్తుంది. కర్బనం నెమ్మదిగా ఖర్చవుతుంది. ఎర్రరంగునిచ్చే ఇనుము రూపం మారి మట్టి బూడిదరంగుకు తిరుగుతుంది. అదే రాయి నుంచి పుట్టిన మట్టి వరి కింద కొన్నేళ్లకు గుర్తుపట్టలేనంత మారుతుంది. ఏటా దమ్ము చేయడంతో అడుగున గట్టి పొర ఏర్పడుతుంది. అది నీళ్లను నిలుపుతుంది గానీ, వరి తర్వాత వేసే పప్పుపైరు వేళ్లకు అడ్డమవుతుంది.

పై చెల్కల నుంచి వానకు కొట్టుకొచ్చేది ముఖ్యంగా సన్నని బంకమన్ను, జీవపదార్థం. ఇసుక దారిలోనే ఆగిపోతుంది. అంటే వానకు చెల్క పోగొట్టుకున్న సన్నమట్టిలో చాలాభాగం చెరువు అడుగున పేరుకుంటుంది. ఎండాకాలం చెరువు ఎండగానే పూడిక మట్టిని బండ్లతో చేలకు తోలే అలవాటు ఈ సత్యం తెలిసి పెట్టుకున్నదే. ఎరువు ఇవ్వలేని బంకమన్నును పూడిక ఇస్తుంది. 2015 మార్చి 12న మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ తలపెట్టినప్పుడు, తీసిన పూడికను రైతుల పొలాలకు తోలించడం అందులో భాగమైంది. సరూర్‌నగర్ పూడికను ఇప్పుడు అలా తోలాలంటే ముందు పరీక్ష చేయించాలి. చుట్టూ కాలనీలే, చేరేది వాటి మురుగే.

అతి సారం

కొత్తపేట రోడ్డు పక్కన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు దశాబ్దాల పాటు నగరానికి మామిడి, బత్తాయి, బొప్పాయి, అరటి అందించింది. 2021లో బాటసింగారానికి తరలింది. టన్ను అరటిపండ్లలో మూడు కిలోలకు పైగా పొటాషియం ఉంటుంది. లారీ దిగుతున్నది పండే అయినా, ఎక్కడో ఒక తోట నేల కూడా దానితో పాటు కొంచెం దిగుతోంది. తొక్కా తొడిమా చెత్తకుప్పకు పోతాయి, తిన్నది మురుగుకాలువకు. పండించిన తోటకు తిరిగి చేరేది దాదాపు ఏమీ లేదు.

ఆ మురుగంతా చివరికి దిల్‌సుఖ్‌నగర్‌కు ఉత్తరంగా పారే మూసీలో కలుస్తుంది. అంబర్‌పేట పాత శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోలు పాత కేంద్రానిది 17.2 కోట్ల లీటర్లు. శుద్ధి చేసినా నీటిలో కరిగిన ఉప్పు పోదు.

నాగోలు దాటాక పీర్జాదిగూడ వైపు మూసీ ఒడ్డున ఎకరాలకు ఎకరాలు పారాగడ్డి కనిపించేది. ఒకప్పుడు అవి వరి మళ్లు. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు 2000 తర్వాత ఇక్కడి సాగును దగ్గరగా చూశారు. మురుగునీటిలో నత్రజని అతిగా ఉండటంతో వరి ఏపుగా ఎదిగి పడిపోయేది, గింజ సరిగా పట్టేది కాదు. ఏటేటా ఉప్పు పేరుకుంది. రైతులు వరి మాని, ఉప్పునూ మురుగునూ తట్టుకునే పారాగడ్డికి మారారు. ఎరువు ఖర్చు లేదు; ఏడాది పొడుగునా కోత; కొనడానికి నగరంలోని గేదెల తబేలాలు ఉన్నాయి. నిత్యం ఆ నీళ్లలో పనిచేసేవారిలో కొంకిపురుగు బాధ ఎక్కువని కూడా అధ్యయనాల్లో తేలింది.

ప్రయోగశాల కాగితం మీద మూసీ ఒడ్డు నేల ధనిక నేల: నత్రజని, భాస్వరం పుష్కలం. పొలంలో అది వరి పండించలేని నేల. సారమంటే పోషకాల మొత్తం అనుకుంటే ఈ చిక్కు విడదు. పోషకాలు సమతూకంలో ఉండి, ఉప్పు హద్దులో ఉండి, వేరుకు గాలి అంది, పైరు వాటిని వాడుకోగలిగితేనే సారవంతమైన నేల. చెల్క లేమితో దెబ్బతింటే ఇది అజీర్తితో దెబ్బతింది.

సిమెంటు కింద

దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే ఆసామి తన సాగుభూమిని ప్లాట్లు చేయడంతో దిల్‌సుఖ్‌నగర్‌కు ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఎల్బీనగర్ 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. 2018 సెప్టెంబరులో మెట్రో వచ్చింది. పొలం ప్లాటయిన ప్రతిసారీ నేల పద్దులో జమ వైపు ఒక్కసారిగా మూతపడుతుంది. ఆకు చేరదు, నీరు ఇంకదు, గాలి ఆడదు.

మిగిలిన ఖాళీ జాగాల మట్టీ పాత మట్టి కాదు. సాగు చెల్కలో ఘన సెంటీమీటరు మట్టి బరువు గ్రామున్నర దగ్గర ఉంటుంది. లారీలూ పొక్లెయినర్లూ తొక్కాక అది 1.7, 1.8కి చేరితే చాలా మొక్కల వేళ్లు ఇక దూరలేవు. సున్నం, సిమెంటు ముక్కలు కలిసి మట్టి క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. పెరటి మందారంలో లేత ఆకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అనుమానించాల్సింది దీన్నే. యూరియా వేసినా అది మారదు.

పారిశ్రామిక జాగాల సంగతి ఇంకా కష్టం. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిని పరీక్షించినప్పుడు సీసం, క్రోమియం, జింకు వంటి లోహాలు ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువగా కనిపించాయి. కర్బనం కుళ్లి పోతుంది, నత్రజని కొట్టుకుపోతుంది, సీసం పోదు.

మూసేసిన నేల పంటనే కాదు, వాననూ పోగొట్టుకుంటుంది. 2020 అక్టోబరు 13న కురిసిన కుండపోతకు సరూర్‌నగర్, ఎల్బీనగర్ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అంత వానను చెల్క కూడా పూర్తిగా ఇంకించుకోలేదు, నిజమే. కానీ నాలుగు వైపులా సిమెంటు పరిచాక, ఇంకాల్సిన కొంచెం కూడా చెరువు మీదే వచ్చి పడుతుంది.

ఇళ్లు కట్టొద్దని ఎవరూ అనరు. చేయగలిగినవి మాత్రం కొన్ని ఉన్నాయి. అరడుగు మట్టి పుట్టడానికి వేల ఏళ్లు పడుతుంది. పునాది తీసేరోజు ఆ అరడుగును మొరంతో కలిపి లారీకి ఎత్తకుండా పక్కన కుప్ప పోయించండి, పెరటికో కాలనీ పార్కుకో పనికొస్తుంది. వేప, కానుగ ఆకులను ఊడ్చి తగలబెట్టకండి. మంటకు కర్బనం, నత్రజని గాలిలో కలిసి బూడిదే మిగులుతుంది. వాటిని చెట్టు మొదట్లోనే పోయించండి. చెట్టు చుట్టూ టైల్స్ వేయిస్తుంటే కనీసం మూడడుగుల మట్టి వదలమని మేస్త్రీకి చెప్పండి. పెరట్లో కూరగాయలు వేసే ముందు ఒక్కసారి మట్టి పరీక్ష చేయించండి.